ఆస్టరు నారూ, లాల్‌బీ గోడా

ఆస్టరు విత్తనం ఏడాది దాటితే ఎందుకు మొలవదో మీలో ఎవరికైనా తెలుసా, పిల్లలూ?

తెలియదు కదూ. ఫరవాలేదు, చెబుతాను. ఆస్టరు గింజ జీలకర్రను సగానికి తుంచినంత ఉంటుంది. లోపల అది దాచుకున్న తిండి ఒక్క ఏడాదికే సరిపోతుంది. ఏడు తిరిగేలోపు మట్టిలో పడకపోతే, పైకి చూడ్డానికి గింజలాగే ఉంటుంది గాని ఎన్ని నీళ్లు పోసినా లేవదు. ఇది మొదటి సంగతి. రెండోది, ఆస్టరు ఒకసారి వేసిన మడిలో మళ్లీ వేయకూడదు. వేస్తే మోకాటి ఎత్తు బాగానే పెరుగుతుంది, మొగ్గ కూడా తొడుగుతుంది. ఆ తర్వాత పొద్దున పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది. అది వేరు తెగులు. ఆ మట్టిలో అది ఆరేడేళ్లు పొంచి ఉంటుంది. అంటే ఏమిటి? ఈ పువ్వును కాపాడుకోవాలంటే ఏటా విత్తాలి, ఏటా కొత్త నేల కావాలి. ఈ రెండు ముక్కలు గుర్తుంచుకుంటే మెహబూబున్నీసా కష్టం మీకు సగం తెలిసినట్టే.

ఆమె ఇల్లు కావలికి తూర్పున, సముద్రానికి మైలున్నర ఇవతల, ఇసుక నేలలో ఉండేది. తల్లి పురిట్లోనే పోయింది. ఇంట్లో ముగ్గురే మనుషులు. తను, తండ్రి లాల్ అహ్మద్, తండ్రిని కన్నతల్లి లాల్‌బీ. లాల్ అహ్మద్‌ది రేకు పని. కావలి బజారులో అంగడి పెట్టుకుని గరాటాలు, కిరసనాయిలు డబ్బాలు, ట్రంకు పెట్టెలు చేసేవాడు. మెహబూబున్నీసా తెల్లారకముందే లేచి నీళ్లు తోడి, కోళ్లగంప ఎత్తి, తండ్రికి సద్ది కట్టి ఇచ్చేది. ఆయన సైకిలు నడిపించుకుంటూ బయటికి పోయి, ప్రహరీ తలుపు మూసి, అవతలి వైపున తాళం వేసుకుని అంగడికి వెళ్లేవాడు. పొద్దుగూకే వేళకు వచ్చి తాళం తీసేవాడు. ఆదివారం తప్ప ప్రతి రోజూ ఇంతే.

ఆ వీధిలో మిగతా సాయిబుల ఇళ్ల ఆడవాళ్లు బజారుకు పోయేవాళ్లు, కోతలకు పోయేవాళ్లు, బావి దగ్గర పోట్లాడుకునేవాళ్లు కూడా. ఈ ఇంటికి మాత్రం గోడ ఉంది.

ఆ గోడ లాల్‌బీ పుట్టింటిది. ఆమె బుచ్చిరెడ్డిపాలెం నుంచి కాపరానికి వచ్చిన మూడోనాటికి గోడ కూడా వెనకాలే వచ్చి ఈ ఇంటి చుట్టూ నిలబడింది. అత్తగారు చూసి, "తలుపు ఏ పక్కకు పెట్టుకుంటావమ్మే?" అని మాత్రం అడిగింది. పడమటి వైపు వీధి ఉందని అటు పెట్టుకున్నారు. ఆ ఇంటి ఆడవాళ్లు ఏది నాటినా దాన్ని లోపలికి తీసుకోవడం ఆ గోడ అలవాటు. లాల్‌బీ వేసిన సొరపాదు ఒకసారి గోడెక్కి అవతలికి దిగి కాయ కాసింది. తెల్లారేసరికి గోడ రెండడుగులు జరిగి కాయను లోపల పెట్టుకుంది. కరణం కామాక్షయ్య ఏటా సంక్రాంతి ముందు గొలుసు పట్టుకుని వచ్చేవాడు. "ఏమ్మా లాల్‌బీ, ఈ ఏడు యాడుంది మీ గోడ?" అని అడిగి, కొలుచుకుని, మజ్జిగ తాగి వెళ్లేవాడు.

లాల్‌బీకి పుట్టింటి నుంచి గోడతోపాటు ఒక మాట కూడా వచ్చింది. ఈడొచ్చిన ఆడదాని తల గోడ మీదుగా కనపడకూడదు. ఆ మాట దాటకుండా ఆమె ఆ ఇంట్లో నలభై ఏడేళ్లు బతికింది.

మెహబూబున్నీసా ఎనిమిదో తరగతి పాసైంది పందొమ్మిది వందల యాభై ఏడులో. లెక్కల్లో క్లాసుకు మొదటిది. ఆ వేసవిలోనే ఈడేరింది. బడి తెరిచే రోజు పుస్తకాల సంచి సర్దుకుని కూచుంటే తండ్రి ఆమెను లోపలే ఉంచి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. పదిహేను రోజులు చూసి, ఒక ఆదివారం ఆడపిల్లల బడి పంతులమ్మ ఇందిరమ్మ తానే వచ్చింది. లాల్‌బీ ఆమెకు పీట వేసింది, టీ ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. పోతూ పోతూ ఇందిరమ్మ సంచిలోంచి చిన్న పొట్లం తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"బెంగుళూరులో మా తమ్ముడు పంపించినాడు. చైనా ఆస్టరు. పెరట్లో వేసుకో. ఎట్టా పెంచాలో చెప్తా, రాసుకో."

మెహబూబున్నీసా రాసుకుంది. వానలు కాస్త తెరిపిచ్చిన కార్తీకంలో విత్తాలి. గింజ మీద గోరుమందం జల్లించిన ఆకుఎరువు చాలు. చీమలు ఎత్తుకుపోకుండా చుట్టూ బూడిద పోయాలి. నాలుగాకులు వచ్చాక, ఎండ లేని వేళ చూసి, జానెడు దూరాన నాటాలి.

మాఘంలో పూలు వచ్చాయి. ఊదా, గులాబి, తెలుపు. అరచేతంత పువ్వు, తెంపితే వారం రోజులు వాడదు. ఆ ఇసుక నేలలో అట్లాంటి పువ్వును ఎవరూ చూడలేదు. చూడ్డానికి ఎవరూ లోపలికి రాలేదు కూడా.

"వాసన లేని పువ్వు పెంచుతా ఉండావు," అంది లాల్‌బీ. "తల్లో పెట్టుకుంటే పెట్టుకున్నట్టు మనకే తెలీదు."

"చూసేవాళ్లకు తెలుస్తుంది గదా జేజీ."

"చూసేవాళ్లెవరే ఈడ? కోళ్లా?"

అన్నదే గాని, పొద్దున్నే ఒక తెల్లపువ్వు తెంపి నీళ్లచెంబులో పెట్టుకునేది లాల్‌బీనే.

బావి, చాకిబండ, కోళ్లగంప పోను ఆ పెరట్లో నాలుగు మడులకే చోటుంది. నాలుగేళ్లు నాలుగు మడులయ్యాయి. ఐదో ఏడు చేసేదేమీ లేక మొదటి మడిలోనే నాటింది. మోకాటి ఎత్తు పెరిగాయి, మొగ్గలు తొడిగాయి, ఒక్కొక్కటే తలలు వేలాడేశాయి. రెండు వందల మొక్కల్లో ఏడు మిగిలాయి. ఆ ఏడింటి గింజలు ఎండబెట్టి, గుడ్డలో కట్టి, ఏడాదంతా దండెం మీద వేలాడదీసుకుని చూసుకుంది.

ఈ లోపల సంబంధాలు కూడా వచ్చాయి. వచ్చినవాళ్లు పిల్లను చూసి బాగుందనేవాళ్లు. తర్వాత గోడను చూసి, "ఈమెతోబాటు ఇది కూడా వస్తుందా?" అని అడిగేవాళ్లు. లాల్‌బీ అబద్ధమాడే మనిషి కాదు. వాళ్లు అత్తరు డబ్బా తీసుకుని లేచిపోయేవాళ్లు.

అరవై రెండు కార్తీకంలో జరిగింది అసలు సంగతి. ఉప్పుగాలికి పాత నీళ్లడబ్బా తుప్పుపట్టి పోతే లాల్ అహ్మద్ కూతురికి కొత్తది చేసి తెచ్చాడు. ముచ్చటైన డబ్బా, మూతికి జల్లెడ కూడా పెట్టాడు. అయితే ఆ జల్లెడ బెజ్జాలను ట్రంకుపెట్టెకు వాడే లావు మేకుతో కొట్టాడు. మెహబూబున్నీసా చూసుకోలేదు. తూము పక్కన మెత్తటి మట్టి పరిచి, ఆ ఏడు మొక్కల గింజలన్నీ చల్లి, ఎరువు కప్పి, డబ్బా వంచింది. జల్లు పడవలసిన చోట ధార పడింది. ఎరువూ గింజలూ కలిసి గోధుమరంగు నురగలాగా తూములోకి జారి, గోడ అవతలికి వెళ్లిపోయాయి. ఒక్క నిమిషం పట్టలేదు.

ఆమె తూము ముందు కూచుని లోపలికి చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోయింది. అంతకంటే పోదు.

పన్నెండు రోజుల తర్వాత ఇందిరమ్మ గోడ అవతలనుంచి పిలిచింది. "మెహబూబ్, మీ తూము బయట నారు మొలిచుండాదే. ఆకు చూస్తే నీ ఆస్టరే."

"ఎంత దూరం ఉండాది టీచర్?"

"గీత గీసినట్టు పన్నెండు గజాలు పోయింది. తూర్పుకు."

మర్నాడు తెల్లారేసరికి గోడ జరిగింది. ఇల్లంతా కాదు, ఆ నారు పొడుగునా సందులాగా సాగి, చివరి మొక్క దాటాక మూసుకుంది. తూము కూడా ఆ కొసకే వెళ్లింది. లాల్‌బీ చూసి, "ఊడ్చే చోటు ఎక్కువైంది నీకు," అని పొయ్యి దగ్గరికి పోయింది.

మెహబూబున్నీసా నారుకు నీళ్లు పోయడానికి వెళ్లి తలెత్తింది. ఎత్తితే గోడ మీద ఆకాశం కనపడాలి. దాని కింద సరుగుడు చెట్ల కొనలు కనపడ్డాయి. కాస్త మునివేళ్ల మీద లేస్తే ఇసుక దారి, దారిలో గాడిద, గాడిద మీద చాకలి మూట.

"తల దించు," అంది వెనకనుంచి లాల్‌బీ.

దించింది. కాని దించిన తల ఊరికే ఉండలేదు, గోడ వరసలు లెక్కపెట్టింది. అంతకుముందు ఇరవై ఎనిమిది వరసల ఇటుకలుండేవి, ఏడడుగుల ఎత్తు. ఇప్పుడు ఇరవై ఉన్నాయి. మట్టిమీద పుల్లతో లెక్క వేసింది. మీరూ వేయండి. గోడ చుట్టుకొలత అరవై గజాలుండేది. పన్నెండు గజాలు సాగాలంటే పోయేటప్పుడు పన్నెండు, తిరిగొచ్చేటప్పుడు పన్నెండు, మొత్తం ఎనభై నాలుగు. అరవైని ఇరవై ఎనిమిదితో గుణిస్తే వెయ్యిన్నీ ఆరువందల ఎనభై. ఎనభై నాలుగును ఇరవైతో గుణించినా అంతే. గోడ ఎంత దూరమైనా పోతుంది గాని, దానికి కొత్త ఇటుక పుట్టదు.

పుల్ల పక్కన పెట్టి, లెక్కను పాదంతో చెరిపేసింది.

ఆ మర్నాడు తండ్రి, "డబ్బా బెజ్జాలు లావైనట్టుండాయి. ఇటివ్వు, మార్చి తెస్తా," అన్నాడు.

"ఉండనీ నాయనా. అలవాటైపోయింది," అంది.

అరవై మూడులో అదే డబ్బాతో, అదే తూము దగ్గర విత్తింది. ఈసారి గింజలు పద్దెనిమిది గజాలు పోయాయి. చుట్టుకొలత నూట ఇరవై, వరసలు పధ్నాలుగు. మూడున్నర అడుగులు. ఇప్పుడా గోడ ఆమె నడుము పైకి వచ్చేది, అంతే.

ఆమె అనుకున్నదేమిటంటే, గోడ తలకంటే తగ్గిపోయిందిగనక జేజి మాట కూడా తగ్గిపోతుందని. లాల్‌బీ అట్లా అనుకోలేదు.

"గోడ తగ్గింది," అంది లాల్‌బీ. "మనం తగ్గాల."

ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఆడవాళ్లు పెరట్లో వంగి నడిచారు. చేద తోడితే వంగి, బట్టలు ఆరేస్తే వంగి. దండెం కూడా కిందికి కట్టారు. ప్రహరీ తలుపు మాత్రం ఏడడుగులూ ఏడడుగులుగానే, రెండు పక్కలా నడుమెత్తు గోడ మధ్య నిటారుగా నిలబడింది. లాల్ అహ్మద్ పొద్దున్నే దానికి తాళం వేసి, లాగి చూసి మరీ వెళ్లేవాడు. పాలు పోసే చెంచయ్య గోడ మీదుగా చెంబు అందుకోగలడు. అయినా తలుపే తట్టేవాడు. తాళం వేసుందని గుర్తొచ్చాక పాలు గోడ మీద పెట్టి, మొహం అటు తిప్పుకుని వెళ్లేవాడు. వీధిలో పోయేవాళ్లకు వంగిన రెండు వీపులు కనిపించేవి. చూసి మర్యాదగా సముద్రం వైపు తిరిగేవాళ్లు.

మెహబూబున్నీసాకు అంతకుముందు ఆకాశమైనా ఉండేది. ఇప్పుడు రోజంతా నేలే. తన కాళ్లు, కోళ్ల కాళ్లు, జేజి కాళ్లు. పడుకున్నా నడుము తిన్నగా అయ్యేది కాదు. లెక్క తప్పు వేశానేమోనని చాలాసార్లు అనుకుంది. వేసింది తప్పు కాదు. ఇటుకలను లెక్కలోకి తీసుకుంది గాని లాల్‌బీని తీసుకోలేదు.

అరవై నాలుగు కార్తీకంలో ముసురు పట్టింది. ఐదు రోజులు తెరిపి లేదు. ఆ వాననీళ్లలో గింజలు తూము దాటి నలభై ఐదు గజాలు పోయాయి. మొలిచిన మర్నాడు గోడ సముద్రం వైపు సన్నగా, పొడుగ్గా సాగింది. చుట్టుకొలత రెండు వందల పది. వరసలు ఎనిమిది. రెండే అడుగులు.

రెండడుగుల గోడకు తల కనపడకుండా ఉండాలంటే వంగితే చాలదు. మోకాళ్ల మీద పాకాలి. అరవై ఆరేళ్ల లాల్‌బీ పాకింది.

నారు నాలుగాకులు వేస్తున్న వారంలో ఇందిరమ్మ వచ్చింది. తలుపు ముందు నిలబడి పలకరించి, తర్వాత గోడ పక్కన మట్టిలో గొంతుక్కూచుంది, ముఖాలు కలవాలి గదా.

"టీచరు ట్రైనింగుకు నువ్వు రాసి నాకిచ్చిన దరఖాస్తు అందింది. బుధవారం పదకొండు గంటలకు కావలిలో మనిషిని చూస్తారంట. నువ్వొచ్చి ఎదురుగా నిలబడాల. ఇరవై ఒకటి నిండితే తీసుకోరు. నీకు మాఘానికి నిండుతుంది. అంటే ఏందో నీకు చెప్పక్కర్లేదు."

"చెప్పక్కర్లేదు టీచర్."

"తొమ్మిదింటికి నేనొస్తా."

మంగళవారం సాయంత్రం అన్నం తినేటప్పుడు మెహబూబున్నీసా అడిగింది.

"నువ్వు చదువుతానంటే నాకు కష్టమా అమ్మీ?" అన్నాడు లాల్ అహ్మద్ ముద్ద కలుపుతూ. "ఈ గోడ మా అమ్మది. ఆమె ఈ ఇంట్లో నిలువునా నిలబడిననాడు నువ్వు పోదువుగాని. ఆమె పాకతా ఉంటే నిన్ను నడిపించుకుని నేనెట్టా పోయేది బజార్లో?"

లాల్‌బీ వింటూనే ఉంది. మోకాళ్లకు ఆముదం రాసుకుంటోంది.

బుధవారం మబ్బుగా తెల్లారింది. తండ్రి తలుపుకు తాళం వేసి, లాగి చూసి, సైకిలెక్కాడు. నారు నాటడానికి అట్లాంటి రోజు కావాలి. నారు నాలుగాకులకు వచ్చి వారమైంది, ఇంకా ఆలస్యమైతే వేళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. మెహబూబున్నీసా మోకాళ్ల మీద కూచుని, పుల్లతో పెళ్లగించి, మట్టిగడ్డతో సహా ఒక్కొక్కటీ తీసి చేటలో పెట్టింది. కొత్తగా గోడ లోపలికొచ్చిన సన్నటి సందులో ఒక కొసనుంచి నాటుకుంటూ పోయింది. చోటు అయిపోయింది. చేటలో సగం నారు మిగిలింది. మిగతాదంతా వేరు తెగులు నేల.

అక్కడే కూచుంది. తొమ్మిది కావస్తోంది. చేతులకు మట్టి. తెల్లటి వాయిలు చీర కట్టుకునే ఉంది, ఎందుకు కట్టుకుందో తనకే తెలియదు. దూరంగా గొడుగు వేసుకుని ఇందిరమ్మ వస్తోంది. గొడుగు గోడ కంటే ఎత్తున కనపడుతోంది.

అప్పుడు కోళ్లగంప దగ్గర్నుంచి లాల్‌బీ పిలిచింది.

"మెహబూ, ఇటు రా. మోకాలు పట్టేసింది. ముందుకూ పోదు, ఎనక్కూ రాదు."

పాక్కుంటూ వెళ్లింది. లాల్‌బీ రెండు చేతులూ నేలమీద ఆనించి ఉండిపోయింది, బిందె దించుకోలేని మనిషిలాగా. మొహం చెమటలు పట్టింది. మెహబూబున్నీసా ఆమె చంకల కింద చేతులు వేసింది.

"జేజీ, పాకే ఎత్తులో లేపితే ఈ మోకాలు సాగదు. నిలబెట్టాల్సిందే."

లాల్‌బీ గోడ వైపు చూసింది. గోడ మీద ఒక కోడిపెట్ట ఎక్కి కూచునుంది.

"దానికుండే ఇదిగూడా లేకుండా పోయిందే మనకు," అంది. తర్వాత, "లేపు," అంది.

లేపింది. లేపడానికి తనూ లేవాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకళ్ల నొకళ్లు పట్టుకుని, కొంచెం కొంచెంగా, నడుములు పటపటమంటుంటే నిలబడ్డారు. వీధిలో చెంచయ్య సైకిలు దిగి, పాలక్యాను సర్దుకుని, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. ఇందిరమ్మ గొడుగు కిందికి దించింది.

లాల్‌బీ నాలుగు వైపులా చూసింది. సరుగుడు తోపు, ఇసుకదిబ్బలు, వాటి వెనక బూడిదరంగు గీత.

"అదేందే?"

"సముద్రం జేజీ."

"ఇన్నేళ్లూ చప్పుడు విని ఎంతో దూరమనుకుంటిని," అంది లాల్‌బీ. తర్వాత మనవరాలి చేతులు చూసి, "మట్టి కడుక్కో. పంతులమ్మను ఎంతసేపు నిలబెడతావు?" అంది.

"తలుపుకు తాళముంది జేజీ."

"తలుపుతో ఏం పని? చీర ఎత్తిపట్టుకో."

మెహబూబున్నీసా బావి దగ్గర చేతులు కడుక్కుంది. ట్రంకులోంచి ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు తీసి కొంగులో చుట్టుకుంది. గోడ దగ్గర ఒక్క క్షణం ఆగింది. చూడ్డానికి అరుగంత ఎత్తు. కుడికాలు ఎత్తి అవతల పెట్టింది, తర్వాత ఎడమకాలు. ఇందిరమ్మ చెయ్యి అందించింది గాని, అందుకునేలోపే ఆమె అవతల ఉంది. ఇద్దరూ ఇసుక దారిలో బస్సు వైపు నడిచారు. ఆమె మొదట వంగే నడిచింది, అలవాటుకొద్దీ. చింతతోపు మలుపు తిరిగేలోపల నిటారైంది.

లాల్‌బీ ఆ మలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. పిల్ల వెంట ఇటుక ఒక్కటి కూడా కదల్లేదు. మబ్బు పలచబడుతోంది, ఇంకో గంటలో ఎండ వస్తుంది. కాలు ఈడ్చుకుంటూ సందు కొసదాకా పోయింది. చేటలో నారు ఆకులు ముడవడం మొదలుపెట్టాయి. లోపలంతా తెగులు నేల, గోడ అవతలంతా ఎవరూ ఏదీ నాటని ఇసుక.

"నాటేది సగంలో వదిలేసి పోయింది చూడు," అని గొణుక్కుంటూ లాల్‌బీ చేటను గోడ మీద పెట్టింది, తర్వాత గోడను పట్టుకుని ఒక కాలెత్తి, రెండో కాలెత్తి, అవతలికి దిగి, నారు నాటడానికి వెళ్లిపోయింది.